కట్టె మేస్త్రి

మొన్న సూర్యాపేట దాటుతుంటే మా మనవడి కారు వెనక చక్రాల దగ్గర సన్నగా రొద మొదలుపెట్టింది. వాడికి వినపడలేదు. పాటలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆపమని నేనే పోరు పెట్టాను. ముసలాడి చాదస్తం అన్నట్టు నావైపు ఒకసారి చూసి, సరేనని రోడ్డు పక్క షెడ్డులోకి తిప్పాడు. అక్కడి మెకానిక్కు చక్రం పైకెత్తి, రెండు చేతులా పట్టి ఊపి చూసి, వెనక బేరింగులు పోయాయన్నాడు. ఏ పక్కది అని అడిగాను.

"ఏ పక్కదైతేంది తాతా. ఒక్కటి ఎవ్వరు మార్చరు. మారిస్తే రెండూ ఒక్కసారే మార్చాలె," అన్నాడు.

అట్టపెట్టెల్లోంచి మెరిసిపోతున్న బేరింగులు రెండు తీశాడు. గంట తిరక్కుండా పని అయిపోయింది. మనవడు వచ్చి పిలిచేసరికి నేను షెడ్డు వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాను. దుమ్ము పడిందన్నాను. ముసలివాడి కంట్లో దుమ్ము పడితే ఎవరూ రెండో మాట అడగరు, అదొక సుఖం.

రెండూ కలిపే మార్చాలని నాకు మొదట చెప్పిన మనిషి ఆ ఊళ్ళోనే ఉండేవాడు. ఆయన పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు లేరు, ఒకరిద్దరు మిగిలి ఉన్నా "ఓ, కట్టె మేస్త్రా" అంటారు. ఆ పేరు లోకం పెట్టింది. కట్టె బుష్షు వేసి సొంత పెళ్ళాన్ని చంపుకున్నాడని సూర్యాపేట నుంచి కోదాడ దాకా లారీల వాళ్ళందరూ చెప్పుకున్నారు. ఆ నింద ఆయనది కాదు. నాది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఒక జన్మ పట్టింది. ఎందుకంత పట్టిందో కూడా రాస్తాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మిర్యాలగూడలో ఒక సావుకారు దగ్గర డ్రైవరును. ఆయనకు ఒక పాత అమెరికా కారు ఉండేది, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. పెళ్ళిళ్ళకూ, కచ్చేరీ పనులకూ, దవాఖానకూ కిరాయికి తిప్పేవాళ్ళం. దానికి జబ్బు చేస్తే మాత్రం సూర్యాపేట పోవలసిందే. పెద్ద సడక్ పక్కన నాలుగు గుంజలు పాతి తాటాకులు కప్పిన షెడ్డు మేస్త్రిది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడట. ఈయన మిషన్ దొరల మోటారు తుడిచే పనికి కుదిరి, తుడవమన్నదాన్ని విప్పి చూసి, విప్పినదాన్ని మళ్ళీ బిగించి, అట్లా మేస్త్రి అయ్యాడు.

"మా నాయిన తోలు కోసిండు. నేను ఇనుము కోస్తున్న. గంతే," అనేవాడు.

నిజానికి తోలు కూడా కోసేవాడు. చక్రం లోపలి గ్రీసు బయటికి కారకుండా వేసే తోలు బిళ్ళలు కొనడం ఆయనకు నామోషీ. తండ్రి వదిలిపోయిన కత్తితో తనే కోసి, ఆముదంలో నానబెట్టి, చిన్న పీటమీద చెవికమ్మల్లా వరసగా ఆరబెట్టుకునేవాడు.

ఏ సామానునూ "పోయింది" అనేవాడు కాదు. "అలిసింది" అనేవాడు. బేరింగు అలిసింది, స్ప్రింగు అలిసింది, బ్యాటరీ బాగా అలిసింది. ఒకసారి మా సావుకారు వచ్చి, అరగంటసేపు కిరాయిల మీదా నా మీదా మొత్తుకుని కూర్చుంటే, ఆయన వెళ్ళాక మెల్లగా నా దగ్గరికొచ్చి, మీ సావుకారు కూడా జర అలిసిండు తమ్మీ అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. తను చెప్పిన హాస్యానికి తను నవ్వడం ఆయన ఎరగడు.

బండి జబ్బు పట్టే తీరు కూడా వింతే. చక్రం తిప్పమని, ఒక వెదురు కర్ర కొస ఇరుసు మీద ఆనించి రెండో కొస పళ్ళ మధ్య కరిచిపట్టి కళ్ళు మూసుకునేవాడు. చెవుల కంటే పళ్ళకు బాగా వినపడుతుందట. మొదటిసారి చూసినప్పుడు, పళ్ళు తోముకుంటున్నవా మేస్త్రీ అని వెక్కిరించాను. కర్ర నా నోట్లో పెట్టాడు. లోపల గుండ్లు ఒకదాన్నొకటి గీసుకోవడం నా పుర్రె నిండా మోగింది. ఆ తర్వాత వెక్కిరించలేదు.

ఆదివారం పానా ముట్టేవాడు కాదు. తెల్లచొక్కా వేసుకుని భార్యతో చర్చికి పోయేవాడు. అయితే చర్చి అరుగుమీద కూర్చునే, సడక్ మీద పోయే బండికి జబ్బు చెప్పేవాడు. ముందు ఎడమది, అనేవాడు తనలో తనే. పక్కన భార్య మోచేత్తో డొక్కలో పొడిచేది. ఆమె పొట్టిగా ఉండేది, గట్టిగా నవ్వేది. నేను వదినా అని పిలిచేవాణ్ణి. మోటార్లన్నిటికీ చెయ్యిపెట్టి వేడి చూస్తాడు, నాకు జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి పెట్టడు అని నాతో ఫిర్యాదు చేసేది. మేస్త్రి సిగ్గుపడి పోయి దూరంగా ఏదో వెతుక్కునేవాడు.

ఆమెకు ఆముదం వాసన గిట్టదు. ఆయన బతుకంతా ఆముదం. అందుకని సాయంత్రం ఇంటికి పోయేముందు తొట్టి దగ్గర కూర్చుని కుంకుడు రసంతో చేతులు కడుక్కునేవాడు. కడిగి వాసన చూసుకునేవాడు. మళ్ళీ కడిగేవాడు. చాల్లే మేస్త్రీ, తోలు ఊడుతుంది అంటే, "ఇంటికాడ తనిఖీ ఉంటది తమ్మీ," అనేవాడు. పెళ్ళై ఏడేళ్ళయినా ఆ తనిఖీకి భయపడుతూనే ఉన్నాడు. పిల్లల్లేరు. ఆమెకు ఆయన, ఆయనకు ఆమె. త్రిపురారంలో ఆమె తల్లి ఒక్కతే ఉండేది, ఆ తల్లికి ఈమె ఒక్కతే బిడ్డ.

ఆ ఏడు నిజాం రాజ్యానికీ ఇండియాకూ చెడింది. కోదాడ దాటితే అవతల ఇండియా. అటునుంచి పెట్రోలు రావడం ఆగింది, టైర్లు ఆగాయి, చివరికి బోల్టులు కూడా ఆగాయి. ఊళ్ళలో గొడవలు. సడకుల మీద పగలు కూడా బండ్లు తగ్గిపోయాయి. సరిగ్గా అప్పుడు మా కారు వెనక చక్రాలు రెండూ రొద మొదలుపెట్టాయి.

మేస్త్రి కర్ర కరిచి రెండు పక్కలా విన్నాడు. ఎడమది ఏడుస్తున్నది, కుడిది మూలుగుతున్నది అన్నాడు. రెండూ కలిపే మార్చాలని, కాడికి ఒక కొత్త ఎద్దునూ ఒక ముసలి ఎద్దునూ కడితే సాగదని చెప్పాడు. కానీ ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే. రెండేళ్ళుగా మైనం గుడ్డలో చుట్టి దాచుకున్న బేరింగు. దాన్ని ఎడమ చక్రానికి వేశాడు. కుడిదానికి ఏం చేస్తావంటే, షెడ్డు వెనక నుంచి ఒక పాత ఎడ్లబండి చక్రం తెచ్చాడు. దాని నడుమనున్న తుమ్మ మొద్దు ఆయన తండ్రి నాటిది. ముప్పై ఏళ్ళు ఎండి నల్లబడి ఇనుములా ఉంది. దాన్ని ఉంగరంలా కోసి, ఆకురాయితో రాసి, ఇరుసుకు పట్టించి చూసి, మళ్ళీ రాసి, ఒక దినమంతా చెక్కాడు. రెండు దినాలు ఆముదంలో ఉడికించాడు. అదే కట్టె బుష్షు. బేరింగు ఉండాల్సిన చోట దాన్ని దించి, గడ్డిమసి కలిపిన ఆముదం దట్టంగా కూరి చక్రం ఎక్కించాడు.

నేను నవ్వాను. కారుకు ఎడ్లబండి కందెనా అన్నాను. ఇనుము పుట్టకముందు లోకం కట్టెమీదే తిరిగిందని చెప్పి, నన్ను చక్రం దగ్గర కూర్చోబెట్టి రెండు షరతులు పెట్టాడు. మొదటిది, మూడు మైళ్ళకొకసారి ఆగాలి. దిగి చక్రం నడిబొడ్డున అరచెయ్యి పెట్టాలి. తనైతే చర్చిలో చెప్పే ప్రార్థన మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటాడట. ప్రార్థన అయ్యేదాకా చెయ్యి ఆనుకుని ఉండగలిగితే బండి కదలొచ్చు. చురుక్కుమంటే ఆగి, చల్లారాక ఆముదం పోసి, అప్పుడు కదలాలి. నాకు ఆ ప్రార్థన రాదు గనక మా ఇంట్లో వాళ్ళ పేర్లు వరసగా చెప్పుకోమన్నాడు. మా ఇంట్లో తొమ్మిది మందిమి. వేళ్ళమీద లెక్కపెట్టి, కొంచెం మెల్లగ చెప్పుకో తమ్మీ అన్నాడు. రెండో షరతు, వేడిమీద ఉన్న చక్రాన్ని నీళ్ళల్లో దించొద్దు. నీళ్ళు తగిలితే కందెన కొట్టుకుపోతుంది, కట్టె ఉబ్బి ఇరుసును పట్టేస్తుంది.

నేను తలూపాను. ఆ వయసులో నాకు బాగా వచ్చిన పని అదే.

రెండో బేరింగు కోసం ఆయన ఆ దినమే కోదాడ పోయాడు. జగ్గయ్యపేట నుంచి ఎవరో సరిహద్దు నాకా వాళ్ళ కళ్ళుగప్పి తెచ్చిస్తానన్నారు. నాలుగు రోజుల్లో వస్తాను, అందాకా మెల్లగా తోలుకో అన్నాడు. భార్య అప్పటికే జొన్నకోతలకని త్రిపురారం తల్లి దగ్గరికి వెళ్ళి ఉంది. ఆయన కోదాడ సడక్ పట్టాడు, నేను మిర్యాలగూడ దారి పట్టాను.

మూడో నాడు పొద్దున్నే సావుకారు ఇంటిముందు ఒక ఎడ్లబండి ఆగింది. గడ్డిలో వదిన పడుకుని ఉంది. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రెండు రోజులుగా కుడి డొక్కలో నొప్పి, ఒళ్ళు కాలిపోతున్న జ్వరం. నాటుమందులు అయిపోయాయి. తల్లి సావుకారు గడపకు దూరంగా నేలమీద కూర్చుని సూర్యాపేట దవాఖానకు మోటారు ఇప్పించమని మొక్కింది. మేస్త్రి భార్య అని తెలిశాక సావుకారు సరేనన్నాడు. సీటు మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టమని మాత్రం నాకు చెప్పాడు. వాళ్ళ ఒళ్ళు తగిలితే సీటు మైలపడుతుందని ఆయన బాధ. పరిచాను. ఆ పట్టా పరిచింది కూడా ఈ చేతులే.

మొదటి మూడు మైళ్ళకు ఆగాను. చెయ్యిపెట్టి, తొమ్మిది పేర్లూ చెప్పుకుని, ఆముదం పోసి కదిలాను. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి వదిన కొంచెం నెమ్మదిగా ఉండేది. ఆగగానే మూలిగేది. రెండోసారి ఆగినప్పుడు చక్రం వేడిగా ఉంది. ఆరో పేరుకే చెయ్యి తీసేశాను. చల్లారేదాకా ఆగాలి గదా అని కూర్చున్నాను. ఆమె గోనెపట్టా మీద కక్కుకుని, మేస్త్రి ఏడీ అని అడిగింది. కోదాడ పోయాడు వదినా, వచ్చేస్తాడు అన్నాను. ముసలామె కారు దిగి వచ్చి దుమ్ములో నా కాళ్ళు పట్టుకుంది.

"ఇగ ఆపకు బిడ్డా. నీ కాల్మొక్త. నువ్వు ఆపినప్పుడల్ల నా బిడ్డ పానం గుంజుకపోతున్నది. ఏడ ఆపకుంట తీస్కపో."

నేను ఆపలేదు. ఆ తల్లి ముఖం చూసి ఎవడైనా ఆపగలిగేవాడేమో, నాకు తెలియదు. నేను ఆపలేకపోయాను. మూడు మైళ్ళు దాటాయి, ఆరు దాటాయి. మనసులో ఒక మూల మేస్త్రి మాట మెదులుతూనే ఉంది. దానికి నేను ఒక జవాబు కనిపెట్టాను. ముందు మూసీ ఉంది. మోకాలిలోతు చల్లని నీళ్ళు. అందులోంచి పోతే చక్రం దానంతటదే చల్లబడుతుంది, ఆగే పని తప్పుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. వేడిమీద నీళ్ళల్లో దించొద్దన్న మాట నాకు గుర్తు లేక కాదు. అది కట్టె గురించి పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తల్లో ఒకటి అనుకున్నాను. నీళ్ళు తగిలితే నిప్పు చల్లారుతుందని పసిపిల్లవాడికి కూడా తెలుసు గదా అనుకున్నాను.

మూసీలోకి దించాను. చక్రం సుయ్యిమంది. ఇసుకలో ఇరుక్కుంటే అటుగా వచ్చిన ఇద్దరు గొర్లకాపరులు తోశారు. ఒడ్డెక్కాక కొంత దూరం బాగానే నడిచింది. ముసలామె వెనక నుంచి నన్ను దీవిస్తూనే ఉంది. సూర్యాపేట ఇంకా అయిదు మైళ్ళుందనగా ఆముదం కాలిన వాసన వచ్చింది. తర్వాత పొగ. తర్వాత కుడి చక్రం పట్టేసి, పెద్ద చప్పుడుతో బండి పక్కకు ఒరిగి సడక్ అంచున కూలబడింది.

ఇటు గంటసేపు చూశాను, అటు గంటసేపు చూశాను. ఒక్క మోటారు రాలేదు. చివరికి కంది కట్టె వేసుకుని పోతున్న బండివాడు కట్టె దించి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. నేను ముందు నడిచాను. ఊరి ఇళ్ళు కనపడుతున్నప్పుడు వెనక ముసలామె గొంతు మారింది. నేను వెనక్కి తిరగలేదు. తిరగకుండానే తెలిసింది.

ఆ సాయంత్రం మేస్త్రి కోదాడ నుంచి వచ్చాడు. నడుముకు కట్టుకున్న గుడ్డలో బేరింగు ఉంది. జేబులో ఒక వాసన సబ్బు కూడా ఉంది. దాని సంగతి నాకు తర్వాత కోదాడ హోటలాయన చెప్పాడు. "రెండ్రోజులు మా అరుగుమీదే కూర్చున్నాడండి ఆ మనిషి. బేరింగు రాంగానే లేచాడు. పోతా పోతా, ఈ సబ్బు పెడితే ఆముదం వాసన పోతుందా అని నన్నడిగాడండి," అన్నాడు. మేస్త్రి వాకిట్లోకి వచ్చేసరికి వాడ మొత్తం అక్కడే ఉంది. ఎవరో చెప్పారు. ఆయన లోపలికి పోలేదు. తొట్టి దగ్గర కూర్చుని సబ్బు కాగితం విప్పి చేతులు కడుక్కున్నాడు. వాసన చూసుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. మూడోసారి కడుక్కుని, అప్పుడు లోపలికి పోయి ఆమె నుదుటిమీద చెయ్యి పెట్టాడు. నేను గోడకానుకుని నిలబడి చూస్తున్నాను.

మర్నాడు మట్టి చేశాక, ఆయన జాకీ, పానాలు భుజాన వేసుకుని కారు కూలబడ్డ చోటికి నడిచాడు. కట్టెకు ఏమైందో చూడాలన్నాడు. వెనక పదిమంది వచ్చారు. ముసలామె కూడా వచ్చింది. ఆయన చక్రం ఎత్తి విప్పి బుష్షు బయటికి లాగాడు. నల్లగా కాలిపోయి చీలి ఉంది. చీలికలో మూసీ ఇసుక మెరుస్తోంది. కందెన పేరుకైనా లేదు. ఆయన బొటనవేలితో ఆ ఇసుకను రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు. ఒక్కసారే. ఇక అయిపోయింది, చెప్పేస్తాడు, వీళ్ళంతా నన్ను ఇక్కడే కొట్టి చంపుతారు అనుకున్నాను. చంపితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఈలోగా ముసలామె అందరికీ చెబుతోంది. ఈ పిల్లగాడు పాపం ఎంత బతిమాలితే అంత విన్నాడు, ఏడా ఆపలేదు, మూసీలో కూడా ఆపలేదు అని. మేస్త్రి ఆమె మాటంతా విన్నాడు. బుష్షును రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"కట్టె పచ్చిది. సరిగ్గ ఆరలే. నేనే సూసుకోలే. తప్పు నాది," అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఎండిన కట్టె అది. తన తండ్రి కట్టె. ముసలామె గుప్పెడు మట్టి తీసి ఆయన ముఖాన కొట్టింది. ఆయన ముఖం తుడుచుకోకుండానే నడుము గుడ్డ విప్పి, కోదాడ నుంచి తెచ్చిన బేరింగు తీసి, అక్కడే ఆ చక్రానికి వేయడం మొదలుపెట్టాడు. ఇరుసుమీద మాడిన కట్టె పొట్టును గీకాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. బేరింగు గుండ్ల సందుల్లోకి గ్రీసును అరచేత్తో ఒత్తి ఒత్తి పట్టించాడు. కొయ్యముక్క ఆనించి సుత్తితో చుట్టూ సమంగా, ఒక్కో దెబ్బా, తొందర లేకుండా కొట్టి లోపలికి దించాడు. తోలు బిళ్ళ పెట్టాడు. చక్రం ఎక్కించి వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. రెండూ కొత్తవైనయి, ఇగ ఫికర్ లేదు, సావుకారుకు అప్పజెప్పు అన్నాడు నాతో. అంత దుఃఖంలో నా నౌకరీ పోకుండా చూశాడు ఆ మనిషి. కారెక్కి తోలుకుంటూ పోయాను. నా జన్మలో అంత మెత్తగా నడిచిన బండి ఇంకొకటి లేదు. అంత అసహ్యంగా నేను ఏ బండీ నడపలేదు.

ఆ తర్వాత ఆయన కట్టె మేస్త్రి అయ్యాడు. లారీలవాళ్ళు షెడ్డు ముందు ఆపడం మానేశారు. పెళ్ళాం చక్రానికే పచ్చికట్టె వేసినోడు మన చక్రానికి ఏం వేస్తాడో అని నవ్వుకునేవాళ్ళు. సైకిళ్ళు, ఎడ్లబండ్లు చూసుకుంటూ బతికాడు. త్రిపురారం నుంచి అత్తను తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆమెకు వేరే దిక్కు లేదు. ఆమె వండి పెట్టేది. పెడుతూ తిట్టేది. నీ చేతులు పడిపోను, ఆ కట్టెతో నిన్ను కాల్చ, నా బిడ్డను మింగి నా చేతి కూడు ఎట్లా మింగుతున్నవని తిట్టేది. ఆయన తలొంచుకుని తినేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే మాత్రం లేచి తెచ్చుకునేవాడు.

నేను ఎప్పుడు వెళ్ళినా ఆమె నాకు పీట వేసేది. మజ్జిగ ఇచ్చేది. నా బిడ్డకోసం పాటుపడ్డది నువ్వొక్కనివే అనేది.

ఆరునెలలు మోశాను. ఒకనాడు ఇక నావల్ల కాలేదు. ఇద్దరూ ఉండగానే చెప్పేయాలని నిశ్చయించుకుని వెళ్ళాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె తిడుతోంది. అత్తమ్మా, నీకొక మాట చెప్పాలి అని మొదలుపెట్టానో లేదో, ఆయన ఎంగిలిచేత్తోనే లేచి నా రెక్క పట్టుకుని సడక్ మీదికి లాక్కెళ్ళాడు. నేను ఏడుస్తూ అక్కడే చెప్పేశాను. ఆపలేదనీ, నీళ్ళల్లో దించాననీ, అంతా.

"నాకెర్కే," అన్నాడు. "ఇసుక సూసిన్నాడే ఎర్కైంది."

"మరి నీ మీదెందుకేసుకున్నవ్ మేస్త్రీ?"

"నిన్ను ఆపొద్దన్నదెవలు?"

ఆయన ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆపకనే చక్రం కాలిందని బయటపడితే, ఆపొద్దన్నదెవలని ఊరు అడుగుతది. నా బిడ్డ పానం నేనే తీసుకున్ననా అని ముసల్ది అనుకుంటది. అనుకున్న దినమే సస్తది. ఇప్పుడైతే నన్ను తిట్టుకుంట రెండు బుక్కలు తింటున్నది. నన్ను తిడితేనే ఆమెకు బుక్క దిగుతది. తిట్టనీ."

నన్ను కొట్టమన్నాను. ఒక్క దెబ్బయినా కొట్టమని బతిమాలాను.

"కొడితే నీకు సులువైతది. నాకేమొస్తది?" అన్నాడు. ఎంగిలిచెయ్యి పంచెకు తుడుచుకుని, "నువ్వు ఊకె రాకు తమ్మీ. నిన్ను సూస్తే నాకు ఆ కాలిన వాసన వస్తది. ఆమె బతికున్నన్ని దినాలు నోరు తెరవకు. గంతే," అన్నాడు.

అక్కడే నిలబడి చూశాను. ఆయన లోపలికి పోయి మళ్ళీ అన్నం ముందు కూర్చున్నాడు. తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన దేవుడంతటివాడని రాయాలని నాకు లేదు. నన్ను క్షమించానని ఒక్కనాడూ అనలేదు. నన్ను చూడలేకపోయాడు. చూడలేకపోతూనే కాపాడాడు. నన్ను కాదు, ఆమెను. నేను ఆ గొడుగు కిందికి ఊరికే దూరినవాణ్ణి.

మరుసటి ఏటికి రాజ్యం మారింది. సరిహద్దు పోయింది. కోదాడ మీదుగా బేరింగులు పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి. కొత్త మేస్త్రీలు వచ్చారు. ఒక వర్షాకాలం ఆయనకు విడవని జ్వరం పట్టుకుందని నాకు మిర్యాలగూడలో తెలిసేసరికే ఆలస్యమైంది. వెళ్ళేసరికి మట్టికి తీసుకుపోతున్నారు. ఎనిమిదిమంది కూడా లేరు. పెట్టె మోయడానికి ఒక భుజం తక్కువైతే నేను పట్టాను. సన్నటి మనిషి, బరువే లేడు.

గుంటలో దించాక ముసలామెను ముందుకు తెచ్చారు. ఆమె పిడికెడు మట్టి తీసుకుని చాలాసేపు నిలబడింది. పచ్చికట్టెను నమ్మి నా బిడ్డ కొంప తీసినవ్ గదరా, ఇగ నేనెవర్ని తిట్టాలె అంటూ మట్టి వేసి ఏడ్చింది. అక్కడున్న ఎవరో, పోయినోణ్ణి ఇంకా ఎందుకంటవమ్మా, తప్పు చేసిండు, పోయిండు అన్నారు. నిజం నా నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను.

ఆమె నన్ను చూసింది. తడిమట్టి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

"సల్లగుండు బిడ్డా," అంది. "ఆ దినం నా మాట విన్నోనివి నువ్వొక్కనివే."

నేను వంగి ఆమె కాళ్ళకు మొక్కాను. ఆమె ఇంకా పదకొండేళ్ళు బతికింది. ఆ తర్వాత నోరు తెరవకపోవడం మాత్రం నా పిరికితనం.